గేరు పడని చోటు

మోంటెవిడియోలో మా తొంభై మూడో నంబరు బస్సుకి
వందేళ్లు నిండుతున్నాయట.
చరిత్ర ఒక పేజీలో చెప్పమని
కంపెనీ కుర్రాడు ఫకుందో ల్యాప్‌టాప్ చంకనెట్టుకుని వచ్చాడు.
ఫొటోకి సగం పోగా, మిగతా సగంలో.

ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా టిక్కెట్లు చింపినదాన్ని.
సీటుకి ఎందరు పడతారో చెప్పగలను గానీ
అర పేజీకి ఎన్నేళ్లు పడతాయో నాకేం తెలుసు?

సరే, రాసుకో.
మొదట్లో రేవులో బయల్దేరి శ్మశానం గోడ దగ్గర ఆగిపోయేది.
మనుషులకి అంతకన్నా దూరం పనేముంటుంది అనుకున్నారు కాబోలు.
తరవాత గోడ అవతల ఉన్ని మిల్లు లేచింది,
మిల్లు వెనక రేకుల ఇళ్లు,
ఇళ్ల వెంట బస్సు, బస్సు వెంట ఇళ్లు,
ఎవరి వెనక ఎవరు వెళ్లారో ఎవరూ చూళ్లేదు.
ఒక సెప్టెంబరు ఆదివారం దేశం దేశమే
రోడ్డుకి ఎడమ పక్క వదిలి కుడి పక్కకి మారింది.
మా అమ్మమ్మ నెల రోజులు తప్పు పక్కన నిలబడి
తన బస్సు తనని చూసి కూడా పోతోందని తిట్టుకుంది.

కుర్రాడు నవ్వాడు. మాతే కలిపిచ్చాను.
చేదుకి మొహం చిట్లించి, గుటక వేసి, తెర నా వైపు తిప్పాడు.
"ఇదొకటి చెప్పండి.
మిల్లు దాటాక, వంపు దగ్గర,
స్టాపు లేదు, సిగ్నల్ లేదు, గుంత కూడా లేదు.
ప్రతి బస్సూ పదిహేడు సెకన్లు ఆలస్యం.
పొద్దున్నా, అర్ధరాత్రీ, ఏ డ్రైవరైనా."

నేను తెర చూడలేదు.
ఆ వంపు నా మోకాళ్లకి తెలుసు.

అక్కడొక స్టాపు ఉండేది బాబూ, మిలిటరీ బారకాసు ముందు.
డెబ్బై మూడు తరవాత స్తంభం పీకేశారు.
ఆగితే డ్రైవరు లోపలికి పోతాడన్నారు.
అప్పటికే లోపలికి పోయినవాళ్ల తల్లులు
ఉతికిన బట్టల మూటలు ఒళ్లో పెట్టుకుని
బస్సులో కూర్చునేవాళ్లు, ఎక్కడ దిగాలో అడక్కుండా.
గోడలకే కాదు, సీట్లకీ చెవులున్న రోజులు.

నా డ్రైవరు వాషింగ్టన్ ఎచెగరాయ్.
నవ్వకు, మా కాలంలో పేర్లు అలాగే పెట్టేవారు.
మాటకారి కాదు, ధైర్యవంతుడని కూడా చెప్పను,
సైరన్ వింటే అరచేతులు చెమటలు పట్టేవి.
ఒక గురువారం సరిగ్గా ఆ వంపులో
గేరు రాడ్డు పట్టుకుని కిందా మీదా పడ్డాడు.
"పడట్లేదు," అన్నాడు, ఎవరితోనూ కాదు.
బండి ముసలి ఎద్దులా కాళ్లీడ్చుకుంటూ నడిచింది.
వెనక తలుపు తాడు నా చేతిలో ఉంది.
దోన్యా ఎయుదోసియా మూటతో సహా దిగిపోయింది,
ఆగని బస్సులోంచి, ఆగినంత నింపాదిగా.

మర్నాడూ పడలేదు. ఆ మర్నాడూ.
మెకానిక్కు రెండుసార్లు గేరు పెట్టె విప్పి,
విప్పింది విప్పినట్టే బిగించి
"దీనికి మందు లేదు" అని రిజిస్టరులో రాశాడు.
వాడి తమ్ముడు ఎక్కడున్నాడో అప్పుడు నేనడగలేదు.

కొత్తవాళ్లకి రూటు నేర్పేటప్పుడు పాతవాళ్లు
ఇక్కడ బ్రేకు, ఇక్కడ కుక్కలు, ఇక్కడ గేరు పడదు
అని చెప్పేవారు.
ఎందుకని వాళ్లూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.
బారకాసు ఇప్పుడు సూపర్ బజారు కార్లు నిలిపే చోటు.
వాషింగ్టన్ పోయి పద్దెనిమిదేళ్లు.
ఎయుదోసియా మూట చాలాసార్లు ముడి విప్పకుండానే
సాయంత్రం నా బస్సులోనే వెనక్కి వచ్చేది.
ఆ సంగతి నీ పేజీలో పట్టదు.

చాలాసేపటికి, "కారణం అని ఒక గడి ఉంది," అన్నాడు.
గేరు అని రాయి, అన్నాను.
"ఇప్పుడివి కరెంటు బస్సులండీ. గేర్లుండవు."
తెలుసు.
రాయి.

రాశాడో లేదో, ఆ తెర మీది అక్షరాలు నా కళ్లకి ఆనవు.
నీళ్లు చల్లారాయని
కెటిల్ మళ్లీ పొయ్యి మీద పెట్టాను.